ఎండిన జనుము వాసన

నేను తప్పులు పట్టి బతికే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎవరో రాసిన ప్రోగ్రామును ముందేసుకుని, అది ఎక్కడ కుంటుతుందో, ఎక్కడ అబద్ధం చెబుతుందో వెతికి, ఫోటో తీసి, టికెట్ రాసి పంపిస్తాను. ఆఫీసులో దీన్ని టెస్టింగ్ అంటారు. ఇంట్లో నా గుణం అంటారు. పులుసులో ఉప్పు తగ్గినా, లిఫ్టులో లైటు ఆరిపోయినా, పెళ్ళిపత్రికలో ఒక అక్షరం తప్పు పడినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఎవరింటికైనా వెళ్ళేముందు మా ఆయన, "ఇవాళ నీకు సెలవు, గుర్తుందిగా?" అని అడిగి మరీ బయల్దేరతాడు.

ఈ గుణం వల్ల ఒక మనిషి తన సొంత నేల మీద కాలు పెట్టే దారి పోగొట్టుకుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా క్యాంపస్ గచ్చిబౌలి దాటాక వస్తుంది. ముందువైపు అంతా అద్దాలు, నీళ్ళ ఫౌంటెన్లు. వెనక గోడ వైపు ఎవరూ పెద్దగా రారు. అక్కడ ఒక కానుగ చెట్టు, దాని కింద సిమెంటు బల్ల, బల్లకు ఇరవై అడుగుల దూరంలో ఆకుపచ్చ రంగేసిన ఇనుప కంచె, కంచె వెంట వరసగా గన్నేరు మొక్కలు ఉంటాయి. కాంటీన్‌లో ఆ రొద పడలేక నేను మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఆ బల్ల దగ్గరికే పోతాను. మా అమ్మ పాత మంగళగిరి చీర అంచు కత్తిరించి కుట్టిన సంచిలో డబ్బా, మజ్జిగ సీసా, చెంచా ఉంటాయి.

బతుకమ్మ పండగ వెళ్ళిన వారం అది. బుధవారం. ఆ రోజు పొద్దున నేను పట్టిన ఒక తప్పును, 'ఇది తప్పు కాదు, చెల్లదు' అని రాసి వెనక్కి పంపారు. మా వృత్తిలో అంతకన్నా అవమానం లేదు. చెల్లని తప్పులు ఎన్ని పట్టావన్నది లెక్కపెట్టి ఏడాది చివర మొహం మీద చెబుతారు. పైగా అవి ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, రేపటి నుంచి రావద్దని చెబుతున్న రోజులు. ఆ కోపంతోనే బల్ల మీద సంచి పెట్టి, డబ్బా మూత తీశాను. కంచె వైపు చూస్తే, ఎండిపోయిన మొక్కల కట్టలు నాలుగు తాడుతో కట్టి వేలాడుతున్నాయి. వాటి నిండా నల్లటి పురుగులు ముసురుకుని ఉన్నాయి. అన్నం తినే చోట ఇదేం చోద్యం అనిపించింది.

మా క్యాంపస్‌లో దేనికైనా ఫోన్‌లోనే టికెట్ వేయొచ్చు. ఏసీ చల్లదనం ఎక్కువైనా టికెట్టే, కాఫీ యంత్రంలో పాలు అయిపోయినా టికెట్టే. కూర్చున్న చోటు నుంచే ఫోటో తీశాను. 'వెనక కంచెకు ఎండు చెత్త కట్టి ఉంది, నిండా పురుగులు, ఉద్యోగులు భోంచేసే చోటు, వెంటనే తీసేయాలి' అని రాసి, అత్యవసరం అన్న గడిలో టిక్కు పెట్టాను. తప్పును కాగితం మీద పెట్టేముందు దగ్గరికి వెళ్ళి, ఇంకోసారి చూసి, నిజమేనని తేల్చుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పే పాఠం అదే. ఆ రోజు నేను ఇరవై అడుగులు నడవలేదు.

నాలుగు గంటలకల్లా టికెట్ మూసేశారు. ఖాళీ కంచె ఫోటో వచ్చింది. మా సేవ ఎలా ఉంది, ఎన్ని చుక్కలు ఇస్తారని ఫోన్ అడిగింది. ఐదు చుక్కలూ ఇచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం నేను బల్ల దగ్గరికి వెళ్ళేసరికి తోటపని చేసే ఆవిడ అక్కడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటుంది. చీర మీద కాంట్రాక్టర్ ఇచ్చిన నీలం చొక్కా, మెడలో కార్డు. మూడేళ్ళుగా రోజూ చూసుకుంటున్నాం, తలూపుకుంటున్నాం, అంతే. ఆ రోజు మొదటిసారి దగ్గరికొచ్చింది.

"జర కూసోవచ్చా మేడం?"

"కూర్చోండమ్మా, దానికేముంది" అని సంచి జరిపాను.

ఆవిడ ఆ సంచి వైపు చూసింది. "సంచి మంచిగున్నది మేడం. గిసొంటిది ఈడ ఎవ్వల దగ్గర లేదు."

మా అమ్మ కుట్టిందని చెప్పాను. ఆవిడ తల ఊపి, కంచె వైపు చెయ్యి చూపించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నిన్న ఎవరో మేడం కంప్లైంట్ రాసిందట. పై నుంచి ఫోన్ వచ్చిందట. వచ్చే బుధవారం దాకా ఇక్కడ పని, ఆ తర్వాత వేరే చోటికి పంపిస్తామని సూపర్‌వైజర్ చెప్పాడట.

"రాసినామె వాపస్ తీసుకుంటె ఆగుతదట మేడం. బుధారం దాంక టైం ఉన్నదట" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి తనంత తానే ఫోన్ మీదికి పోయింది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను. ఏదో ఒకటి అడగాలని, "ఏంటమ్మా ఆ పురుగులు?" అన్నాను.

"పురుగులేంది మేడం! సీతాకోక చిలుకలు. రెక్కలు మూస్కొని కూసుంటే గట్ల కనవడ్తయి, అంతే. దగ్గరికి పోతే తెలుస్తది."

చొక్కా జేబులోంచి ఒక ఎండు కొమ్మ తీసి నా చేతిలో పెట్టింది. దానికి రెండు కాయలున్నాయి. కదిపితే లోపల గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడు వినగానే గుర్తుపట్టాను. అది జనుము. నేను జనుము చేల మధ్య పెరిగిన దాన్ని. కృష్ణా డెల్టాలో వరి కోతలయ్యాక ఆ తడి మీదే మినుమో జనుమో చల్లేవాళ్ళు. పసుపు పూలతో చేను చేనంతా వెలిగేది. ఎండిన కాయల్ని దారానికి గుచ్చి, కాళ్ళకు గజ్జెల్లా కట్టుకుని మేము పిల్లలం గెంతేవాళ్ళం. అలాంటి దాన్ని నేనే ఎండు చెత్త అని రాశాను.

ఆవిడ చెబుతూ పోయింది. "మాది గీ ఊరే మేడం. గీ గోడ మూల ఉన్నది సూడు, గాడ మా బాయి ఉండె. బాయి కింద వరి. నాట్లకు ముందుగాల జనుము జల్లి, పూతకొచ్చినంక దున్నేటోళ్ళం. నేలకు బలమని. తాళ్ళకని కొంత ఉంచుకునేది. గది కోసి ఎండవెడ్తే ఏడికెల్లి వచ్చేటియో, నల్లయి, నీలం చారలయి, కట్టల నిండ కూసునేటియి. పచ్చిగున్నప్పుడు ఒక్కటి గూడ అటు సూడదు. నలగాలె, ఎండాలె, అప్పుడే వస్తయి. వాసన పట్టి వస్తయని మా అత్త అనేది. నాకైతే ఏ వాసన రాదు."

మూడేళ్ళ కింద పైపుల కోసం గోడ పక్కన తవ్వినప్పుడు, ఎన్నాళ్ళ నాటి గింజలో పైకొచ్చి, నాలుగు జనుము మొక్కలు మొలిచాయట. గన్నేరు వెనక దాచి పెంచింది. ఏటా వానాకాలం పోయాక పీకి, ఎండబెట్టి, తన బాయి ఉన్న మూలకు ఎదురుగా కంచెకు కడుతోంది. ఇన్నాళ్ళూ గన్నేరు చాటున కట్టేదట, ఈ ఏడు కట్టలు పెద్దవై బయటికి కనబడ్డాయి.

"ఎందుకమ్మా?" అని అడిగాను.

"ఏమున్నది మేడం. భూమి పాయె. బాయి పూడ్చిన్రు. అత్త లేదు, ఆయన లేడు. అవి మాత్రం ఇంక యాది మరువలే. వస్తున్నయి."

నేను రాశానని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. డబ్బా మూతలో కాస్త గోంగూర అన్నం పెట్టి ఆవిడకు ఇచ్చాను.

వెళ్ళేముందు, ఇంకా పీకని మొక్కల్లోంచి పచ్చి కొమ్మలు ఐదారు తుంచి ఇచ్చింది. ఆ సాయంత్రం మణికొండలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, దొరికినదల్లా చదివాను. ఆవిడ అత్త చెప్పింది అక్షరాలా నిజం. ఆ కట్టల మీద వాలేవి దాదాపు అన్నీ మగవే. వాటికి కావాల్సింది తేనె కాదు. ఆకలి పువ్వుల దగ్గర తీరుతుంది. జనుము లాంటి కొన్ని మొక్కల్లో ఒక చేదు పదార్థం ఉంటుంది. పశువులు ఎక్కువగా తింటే జబ్బు పడేంత విషం. మొక్క నలిగి, వాడి, ఎండుతుంటే దాని వాసన గాలిలోకి వెళుతుంది. మనిషి ముక్కుకు అందని ఆ వాసన సీతాకోకచిలుక మీసాలకు ఎంతో దూరం నుంచి అందుతుంది. గాలికి ఎదురు ఎగురుతూ వచ్చి, కాళ్ళతో ఆ కాడను గీకుతుంది. ఎండిన కాడలోంచి ఏమీ పీల్చుకోలేదు కాబట్టి, తన సన్నటి తొండంతో తడి చేసి, ఆ చేదును కరిగించి, మళ్ళీ పీల్చుకుంటుంది. ఆ చేదుతో తన ఒంట్లో ఒక పరిమళం చేసుకుంటుంది. పొట్ట చివర దాచుకున్న కుంచె లాంటి వెంట్రుకలు విప్పి, ఆడదాని ముందు ఆ పరిమళం చల్లుతుంది. అది లేకుండా వచ్చిన మగవాడిని ఆడది దగ్గరికి రానివ్వదు. రెక్కలు ఎంత అందంగా ఉన్నా ఒప్పుకోదు. ఆ చేదులో కొంత ఆడదానికీ, దాని నుంచి గుడ్లకూ చేరి, వాటిని తినబోయే వాటికి రుచించకుండా కాపాడుతుంది.

మా క్యాంపస్ నిండా ఉన్న గన్నేరు ఆకుల మీద ఆ నల్లవాటి గొంగళిపురుగులు పెరుగుతాయి. వాటి కడుపు నింపడానికి అది చాలు. పెళ్ళికి కావాల్సిన దినుసు మాత్రం గన్నేరులో లేదు. అది గోడ మూల ఆ కాస్త జనుములోనే ఉంది.

చదివింది నిజమో కాదో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ పచ్చి కొమ్మల్ని అందంగా నీళ్ళ సీసాలో పెట్టి బాల్కనీలో ఉంచాను. శుక్రవారం రాలేదు, శనివారం పొద్దున కూడా ఒక్కటీ రాలేదు. అప్పుడు ఆవిడ మాట గుర్తొచ్చింది. సీసాలోంచి తీసి, రోట్లో వేసి రెండు దెబ్బలు వేసి, ఎండలో రెయిలింగుకు కట్టాను. ఆదివారం మధ్యాహ్నం మూడో అంతస్తుకి ఒక నల్ల సీతాకోకచిలుక వచ్చింది. రెక్కల అంచున తెల్లటి చుక్కలు. కాసేపటికి ఇంకోటి. అవి కాడను గీకుతుంటే నేను జానెడు దూరంలో కూర్చుని చూశాను. అంత దగ్గరగా ఉన్నా అవి బెదరలేదు. నా ముక్కు ఆ కాడకు ఆనించి చూశాను. నాకు ఎండుగడ్డి వాసన తప్ప ఏమీ తెలియలేదు.

మా ఆయన కాఫీ పట్టుకొచ్చి నిలబడ్డాడు. "ఇన్ని అపార్టుమెంట్లలో మన ఫ్లాటు అడ్రసు ఎలా దొరికిందే వీటికి?" అన్నాడు. అప్పుడు ఆయనకు జరిగిందంతా చెప్పాను.

"మరి ఆ టికెట్ వెనక్కి తీసేసుకోవచ్చుగా?"

"తీసుకుంటే దాన్ని తప్పుడు ఫిర్యాదు కింద రాస్తారు. నెలాఖరు నివేదికలో నా పేరు పడుతుంది. అందరూ చూస్తారు."

ఆయన కాఫీ కప్పు నా ముందు పెట్టాడు. "పడితే పడనీ" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మాట పట్టుకుని అప్పుడే ఫోన్ తీసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఉద్యోగం పోతుందన్న భయమని చెప్పుకోవచ్చు గానీ అది పూర్తి నిజం కాదు. తప్పులు పట్టేదాన్ని, నాదే తప్పని పది మందిలో రాసి ఇవ్వడం నా వల్ల కాలేదు. అది అహం. దానికి ఇంకో పేరు పెట్టను.

దానికి బదులు తెలివైన పనులు చేశాను. మా ఫోన్‌లోనే మెచ్చుకోలు కార్డు పంపే సౌకర్యం ఉంది. తోటపని చేసే ఆవిడ సేవ అద్భుతమని ఒక పూల బొమ్మ ఉన్న కార్డు అంతకు ముందు శుక్రవారమే పంపాను. సోమవారం సూపర్‌వైజర్ కనిపిస్తే, ఏమీ ఎరగనట్టు పలకరించాను.

"ఆవిడ చాలా బాగా పనిచేస్తారండీ. ఆవిడని పంపించకండి."

"మా చేతుల ఏం లేదు మేడం" అన్నాడు. "టికెట్ ఏసిన మేడం వాపస్ తీసుకుంటె అయిపోతది. ఎవ్వరో మాకు తెల్వది. పేరు కనవడదు, ఫోటో ఒక్కటే వస్తది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులోనే నిలబడి కాళ్ళు కడుక్కుంటున్నాను.

ఆ ఐదు రోజులూ, శని ఆదివారాలు పోగా, ఆవిడ మధ్యాహ్నం నా పక్కనే వచ్చి కూర్చుంది. నేను ఎక్కువ అన్నం కట్టుకుని వెళ్ళేదాన్ని. ఆవిడ జొన్నరొట్టె తెచ్చేది. ఒకరోజు బాయి తవ్విన కథ చెప్పింది. ఇంకోరోజు తన పెళ్ళినాడు ఆ బాయి దగ్గర కాళ్ళు కడుక్కుని ఊళ్ళోకి వచ్చిన సంగతి చెప్పింది. మంచి స్నేహం దొరికిందని నేను మురిసిపోయాను కూడా. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

బుధవారం ఆవిడ కొంచెం ముందే వచ్చింది. మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చుంది. నేను తలవంచుకుని పెరుగన్నం కలుపుతూ ఉన్నాను. చివరికి లేచి, "ఇగ పోతా మేడం" అంది. అని వెంటనే కదల్లేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

"ఆరోగ్యం జాగ్రత్తమ్మా" అన్నాను.

"మంచిది" అని వెళ్ళిపోయింది. సాయంత్రం గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆవిడ మెడలోంచి కార్డు తీసుకుని డబ్బాలో వేయడం నేను క్యాబ్‌లోంచి చూశాను. ఇంటికి చేరకముందే ఫోన్ మోగింది. మీ టికెట్ శాశ్వతంగా మూసేశాం, ధన్యవాదాలు అని ఉంది.

ఆవిడ వెళ్ళాక కూడా రెండు రోజులు సీతాకోకచిలుకలు ఆ ఖాళీ కంచె చుట్టూ తిరిగాయి. తాడు కట్టిన చోట వాలి, ఇనుమును కాళ్ళతో గీకి, లేచి, మళ్ళీ వాలాయి. సోమవారానికి రావడం మానేశాయి. గన్నేరు వెనక మిగిలిన జనుమును కూడా కొత్తగా వచ్చినవాళ్ళు పీకి పారేశారు.

చలికాలం పోయి ఎండలు ముదురుతుండగా, మా టీమ్‌లో ఒకరి గృహప్రవేశానికి తెల్లాపూర్ వెళ్ళాను. గోడ పక్క గోడగా నాలుగు వందల విల్లాలు. భోజనాలయ్యాక నడుస్తుంటే, క్లబ్ హౌస్ పక్కన పొదలు కత్తిరిస్తూ ఆవిడ కనిపించింది. ఈసారి చొక్కా రంగు ఆకుపచ్చ. నేను పట్టుచీరలో ఉన్నాను. దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఆ టికెట్ రాసింది నేనే."

ఆవిడ కత్తెర ఆపలేదు. "ఎర్కే బిడ్డా" అంది.

అప్పటిదాకా నన్ను మేడం అనేది. బిడ్డా అనడం అదే మొదలు.

"ఎలా తెలుసు?"

"సూపర్‌వైజర్ నాకు ఫోన్ల ఫోటో సూపిచ్చిండు. ఎనుక కట్టలు, ముంగట బల్ల, బల్ల మీద నీ సంచి. గసొంటి సంచి ఆడ ఎవ్వల దగ్గర లేదని నీకు చెప్పిన గద."

మొదటి రోజు ఆవిడ కూర్చోగానే అన్న మొదటి మాట అదే. ఫోటో చూపించి ఎదుటివాళ్ళ తప్పు రుజువు చేసే నేను, నా ఫోటోలో నా సంచిని చూసుకోలేదు.

"మరి అప్పుడే నన్ను అడగొచ్చు కదమ్మా? నాలుగు తిట్టొచ్చు కదా?"

అప్పుడు కత్తెర ఆపింది. "నేనెట్ల అడుగుత బిడ్డా? నేనడిగితే లొల్లి పెట్టిందంటరు. నువ్వు చెప్పాలె గద. ఐదు దినాలు నీ పక్కపొంటి ఊకెనే కూసున్ననా? ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది అనుకుంట నీ అన్నం గూడ తింటి."

నేను అక్కడే, ఎవరి ఇంటి ముందో గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, కసురుకోలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఆగి, "రేపు గీ యాళ్లకు రా. విత్తులు తెస్త" అంది. "నాకు గా గేటు తెరుసుకోదు. నీకు కార్డున్నది."

మర్నాడు ఒక పాత గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. కంచె మీది కట్టలు విప్పి పారేస్తున్నప్పుడు ఏరుకున్న గింజలవి.

ఆ సోమవారం ఆఫీసులో భవనాల బాధ్యత చూసే మేనేజర్ దగ్గరికి వెళ్ళి, నా పేరుతో జరిగిందంతా రాసి ఇచ్చాను. ఆవిడను మళ్ళీ తీసుకోవాలని అడిగాను. ఆయన మర్యాదగానే విన్నాడు. కాంట్రాక్టరే మారిపోయాడనీ, ఆ టికెట్ ఎప్పుడో మూసేశారనీ, ఇప్పుడు చేయగలిగింది లేదనీ చెప్పాడు. నా ఐదు చుక్కలైనా తీసేయమన్నాను. ఒకసారి ఇచ్చాక మార్చడం కుదరదట. గోడ మూల నాలుగు బారల నేలలో జనుము వేసుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. నెలాఖరు నివేదికలో నా పేరు పడింది. ఎవరూ దాన్ని చదివినట్టు కూడా లేరు. ఆ పేరు కోసమే నేను ఐదు రోజులు నోరు మూసుకున్నాను.

తొలకరికి గింజలు చల్లాను. మొలిచాయి. పసుపు పూలు పూశాయి. బతుకమ్మ పండగ వెళ్ళాక మొక్కలు పీకి, కాలితో తొక్కి, నాలుగు రోజులు ఎండబెట్టి, కంచెకు అదే చోట కట్టాను. రెండో రోజు ఒకటి వచ్చింది. మూడో రోజుకు వాటి రెక్కల కింద కట్టే కనిపించలేదు.

ఆవిడను పిలిపించాను. మా క్యాంపస్‌లోకి బయటివాళ్ళు రావాలంటే లోపలి మనిషి ఎవరైనా తన పేరు మీద పాస్ తీయాలి. రెండు గంటలు చెల్లుతుంది. ఎవరిని కలవడానికి అన్న గడిలో నా పేరు రాశాను. సెక్యూరిటీ అతను ఆవిడను కెమెరా ముందు నిలబెట్టి ఫోటో తీసి, 'అతిథి' అని రాసున్న కార్డు మెడలో వేశాడు. తన బాయి ఉన్న చోటికి ఆవిడ నా అతిథిగా వచ్చింది.

ఉతికిన చీర కట్టుకుంది. కంచె దగ్గరికి వెళ్ళి, కట్టల మీద వాలినవాటిని ఒక్కొక్కటిగా చూసింది. ఒకటి ఎగిరి వచ్చి ఆవిడ చేతి మీద వాలింది. ఇన్నేళ్ళూ జనుము కట్టలు కట్టిన చేయి కదా అనుకున్నాను. ఆవిడ చెయ్యి కదపకుండా గోడ మూల వైపు చూస్తూ నిలబడింది.

గంట కూడా కాకముందే, "ఇగ పోదాం బిడ్డా" అంది.

"ఇంకా గంట ఉందమ్మా. కూర్చోండి, అన్నం తెచ్చాను."

ఆవిడ మెడలోని అతిథి కార్డును చేత్తో పట్టుకుని చూపించింది. "వద్దు బిడ్డా. నీ పేరు మీద వచ్చిన. టైం ఎక్కువైతే నిన్ను అడుగుతరు. నా కోసం నీ పేరుకు మాట రావద్దు."

ఆవిడే ముందు నడిచింది. నేను ఆవిడ వెనకే గేటు దాకా వెళ్ళాను.